గైడ్లలో యుద్ధనౌకల తప్పులు సరిదిద్దాలి

తిరుపతిలో పోటీ పరీక్షలకు చదివే పిల్లల చేతుల్లోని కొన్ని గైడ్లలో యుద్ధనౌకల సమాచారం తప్పులతడకగా ఉంది. బస్టాండు దగ్గర పుస్తకాల కొట్లో నేను తిరగేసిన ఒక గైడులో ‘ఉదయగిరి’ని డిస్ట్రాయర్ అని అచ్చేశారు, పక్కన విమానవాహక నౌక బొమ్మ వేశారు. మన రాష్ట్రంలోని కొండల పేరు పెట్టుకుని 2025 ఆగస్టు 26న విశాఖలో నౌకాదళంలో చేరిన ఆ నౌక ఫ్రిగేట్, అంటే సాధారణంగా డిస్ట్రాయర్ కన్నా చిన్నదైన యుద్ధనౌక. తెరచాపల కాలంలో ఫ్రిగేట్ అంటే ప్రధాన ఫిరంగులన్నీ ఒకే అంతస్తులో ఉండే వేగమైన ఓడ. బారులు తీరి పోరాడేవి పెద్ద ఓడలు. శత్రువు జాడ తీయడం, వర్తక నౌకలకు కాపలా కాయడం ఫ్రిగేట్ పని. రెండో ప్రపంచ యుద్ధంలో జలాంతర్గాముల బారి నుంచి సరుకు ఓడలను కాచే నౌకలకు బ్రిటన్ మళ్లీ ఈ పేరే పెట్టింది. 1971 డిసెంబరు 9న పాకిస్థాన్ జలాంతర్గామి టార్పెడో తగిలి అరేబియా సముద్రంలో మునిగిన మన ‘ఖుక్రి’ కూడా ఫ్రిగేటే. 18 మంది అధికారులు, 176 మంది నావికులు ప్రాణాలర్పించారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడను విడిచి రాలేదు. ఇంత చరిత్రను ఒక మార్కు బిట్టుగా, అదీ తప్పుగా, బట్టీ పట్టించడం బాధాకరం. ప్రచురణకర్తలు నౌకాదళ ప్రకటనలతో సరిచూసుకున్నాకే అచ్చు వేయాలి. అలిపిరి రోడ్డులోని ప్రాంతీయ విజ్ఞాన కేంద్రంలో ఫ్రిగేట్, డిస్ట్రాయర్, వాటికన్నా చిన్నదైన కార్వెట్ నమూనాలను పక్కపక్కనే ఉంచి, తెలుగులో వివరాలు రాయించి, పలమనేరు, కుప్పం వంటి దూరపు బడుల పిల్లలకూ చూపించే ఏర్పాటు విద్యాశాఖ చేయాలి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తిరుపతి