లక్షల రికార్డుల వార్త వేసేటప్పుడు ఇంకో రెండు వాక్యాలు వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆరోగ్య పేజీలో ఒక రకం వార్త తరచూ కనిపిస్తుంది. దేశం మొత్తంలో ఇన్ని లక్షల మంది ఆసుపత్రి రికార్డులు పరిశీలించారు, ఫలానా జబ్బు ఉన్నవాళ్లకి ఫలానా ముప్పు ఇన్ని రెట్లు ఎక్కువ అని తేలింది, అంటూ సాగుతుంది. పైన పెద్ద అక్షరాల్లో శాతం, లోపల అమెరికా పేరో డెన్మార్క్ పేరో. ఆ లక్షల రికార్డులు ఎక్కడ, ఎలా తయారయ్యాయో మాత్రం ఒక్కసారీ ఉండదు. నేను మెడికల్ కోడర్‌ని, పదకొండేళ్లుగా అమెరికా ఆసుపత్రుల ఇన్‌పేషెంట్ చార్టులు కోడ్ చేస్తున్నాను. అవి తయారయ్యే చోట కూర్చునే మనిషిని కాబట్టి ఇది రాయకుండా ఉండలేకపోతున్నాను.

పేషెంట్ డిశ్చార్జ్ అయ్యాక, లేదా చనిపోయాక, చార్ట్ మొత్తం మాకు వస్తుంది. ఎమర్జెన్సీ నోట్, రోజువారీ ప్రోగ్రెస్ నోట్లు, ల్యాబ్ రిపోర్టులు, ఆపరేషన్ నోట్, చివర్లో డిశ్చార్జ్ సమ్మరీ. అవన్నీ చదివి ప్రతి జబ్బుకీ ఒక కోడ్, చేసిన ప్రతి ప్రొసీజర్‌కీ ఒక కోడ్ వేస్తాం. బిల్లు వెళ్లేది ఆ కోడ్ల మీదే. ఏడాది తిరిగేసరికి అవే కోడ్లు వయసు, ఆడా మగా, ఎన్ని రోజులు ఉన్నారు, ప్రాణంతో ఇంటికి వెళ్లారా లేదా అన్న వివరాలతో కలిసి దేశవ్యాప్త డేటాబేస్‌లో చేరతాయి. పరిశోధకుల ముందు ఉండేది అదే. వాళ్లు పేషెంట్‌ని చూడరు, ఎక్స్‌రే చూడరు, చాలాసార్లు ల్యాబ్ రిపోర్టు కూడా చూడరు. మేం వేసిన కోడ్‌ని చూస్తారు.

మాకో కట్టుబాటు ఉంది. డాక్టర్ రాసిన జబ్బునే కోడ్ చేయాలి, మా అంతట మేం ఊహించకూడదు. రక్తంలో సోడియం ఎంత పడిపోయి ఉన్నా, సెలైన్ ఎక్కించి సరిచేసి ఉన్నా, డాక్టర్ ఆ జబ్బు పేరు రాయకపోతే రికార్డులో అది లేనట్టే. ఈ కట్టుబాటు మంచిదే, కాదనను. కానీ లెక్క మొత్తం ఎవరి పెన్ను మీద నిలబడి ఉందో ఇక్కడే తెలిసిపోతుంది.

ఆ మధ్య ఒక చార్ట్ వచ్చింది. బాగా పెద్దావిడ. జ్వరం, బీపీ పడిపోయింది, పరిస్థితి విషమించిందని చెప్పే లాక్టేట్ రక్తంలో పెరిగింది, రెండు యాంటీబయోటిక్స్ పెట్టారు, ఐసీయూలో రెండు రాత్రులు ఉంచారు. ఎమర్జెన్సీ నోట్‌లో యూటీఐ, అంటే యూరిన్ ఇన్ఫెక్షన్, అని ఉంది. ఆ తర్వాత డిశ్చార్జ్ సమ్మరీ దాకా డాక్టర్ రాసుకుంటూ పోయింది ఒకే మాట, 'యూరోసెప్సిస్'. మేం వాడే జబ్బుల కోడ్ల పుస్తకం ఐసీడీ-10-సీఎంలో ఆ మాటకి కోడ్ లేదు. ఇన్ఫెక్షన్ మూత్రం దగ్గరే ఆగిందా, ఒళ్లంతా పాకి ప్రాణం మీదికి తెచ్చే సెప్సిస్ అయిందా అని డాక్టర్‌నే అడగాలి. దీన్ని మేం క్వెరీ అంటాం. మొదటిదైతే ఎన్39.0 అనే యూరిన్ ఇన్ఫెక్షన్ కోడ్, రెండోదైతే కోడ్ల వరుసలో అన్నిటికంటే పైన ఏ41.9 లాంటి సెప్సిస్ కోడ్ వస్తుంది. క్వెరీ పెట్టాను. మూడు రోజులు జవాబు లేదు. మళ్లీ పెట్టాను. ఈలోగా ఆ చార్ట్ ఎందుకు హోల్డ్‌లో ఉంది, బిల్లు ఎందుకు కదల్లేదు అని మా టీమ్ లీడ్ మెసేజ్‌లు, నా రోజువారీ టార్గెట్ తగ్గిపోవడం, ఒకటే టెన్షన్. వదిలేసి ఎన్39.0 వేసి ముందుకు వెళ్లిపోవచ్చు, ఎవరూ అడగరు కూడా. వారం తర్వాత ఒక లైను వచ్చింది: యూటీఐ వల్ల సెప్సిస్, అడ్మిట్ అయ్యేటప్పటికే ఉంది. ఆ లైను రాకపోయి ఉంటే చావు దాకా వెళ్లి వచ్చిన ఆ పెద్దావిడ దేశం లెక్కల్లో మామూలు యూరిన్ ఇన్ఫెక్షన్ కేసుగా మిగిలిపోయేది.

'అడ్మిట్ అయ్యేటప్పటికే ఉంది' అన్న ముక్కని కూడా తేలిగ్గా తీసుకోవద్దు. ప్రతి జబ్బు పక్కనా అది వచ్చేటప్పుడే ఉందా, ఆసుపత్రిలో పడుకున్నాక వచ్చిందా అని మేం ఒక గుర్తు వేస్తాం. ఆ గుర్తు లేకపోతే న్యుమోనియాతో వచ్చి చేరిన మనిషికీ, కాలు విరిగి చేరి అక్కడే న్యుమోనియా తెచ్చుకున్న మనిషికీ తేడా తెలియదు. ఒకటి ఆసుపత్రి నయం చేయాల్సిన జబ్బు, ఇంకోటి ఆసుపత్రి ఆపాల్సిన జబ్బు. రెండూ ఒకే గంపలో వేసి ఈ ఆసుపత్రి మంచిది, ఆ ఆసుపత్రి చెడ్డది అని తేల్చితే ఎవరికి న్యాయం జరిగినట్టు?

సెప్సిస్ సంగతే ఇంకొంచెం చెప్తాను. అమెరికాలో అది ఏటేటా విపరీతంగా పెరిగిపోతోందని కోడ్ల లెక్క చాలాకాలం చూపించింది. 2017లో జామా అనే అమెరికా వైద్య పత్రికలో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. 409 ఆసుపత్రుల్లో 2009 నుంచి 2014 దాకా ఏం జరిగిందో రెండు రకాలుగా చూశారు, ఒకటి మాలాంటివాళ్లు వేసిన కోడ్ల ప్రకారం, ఇంకోటి బ్లడ్ కల్చర్లు, యాంటీబయోటిక్స్, ల్యాబ్ విలువల ప్రకారం. కోడ్ల ప్రకారం సెప్సిస్ ఏడాదికి సుమారు 10 శాతం చొప్పున పెరిగింది. వైద్య వివరాల ప్రకారం దాదాపు పెరగలేదు. జబ్బు ఉన్నచోటే ఉంది, దాన్ని గుర్తుపట్టి పేరు పెట్టి రాయడం పెరిగిందన్నమాట. ఆ మధ్య కాలంలో ఎవరైనా కోడ్ల లెక్క ఒక్కటే తీసుకుని 'సెప్సిస్ విజృంభణ' అని హెడ్డింగ్ పెట్టి ఉంటే అంకెల్లో తప్పేమీ ఉండదు, చదివినవాళ్లకి అర్థమయ్యేది మాత్రం తప్పు.

2015 అక్టోబర్ 1న అమెరికా ఆసుపత్రులు ఐసీడీ-9 నుంచి ఐసీడీ-10కి మారాయి. జబ్బుల కోడ్లు సుమారు 14 వేల నుంచి 68 వేల దాకా వెళ్లాయి. సెప్టెంబర్ 30న ఒక కోడ్ కింద ఉన్న జబ్బు మర్నాడు పది కోడ్లుగా విడిపోయింది. అందుకే ఏదైనా గ్రాఫ్‌లో గీత సరిగ్గా 2015 చివర్లో ఎగిరినా పడినా నాకు ముందు జబ్బు మీద అనుమానం రాదు, కోడ్ మీద వస్తుంది.

ఇప్పుడు 'లక్షల మంది రోగులు' అన్న మాట. అమెరికాలో ఎక్కువగా వాడే నేషనల్ ఇన్‌పేషెంట్ శాంపిల్‌లో ఏటా సుమారు 70 లక్షల రికార్డులు ఉంటాయి, దేశంలో జరిగే డిశ్చార్జ్‌లలో అయిదో వంతు. అవి డిశ్చార్జ్‌లు, మనుషులు కారు. హార్ట్ ఫెయిల్యూర్‌తో ఒకే మనిషి ఏడాదిలో నాలుగుసార్లు చేరితే అక్కడ నాలుగు రికార్డులు, ఆ నలుగురూ ఒకరేనని అందులో తెలియదు. గేటు దాటాక ఏమైందో కూడా తెలియదు. ఇంటికి వెళ్లిన మూడో రోజు ప్రాణం పోయినా ఆ డేటాలో ఆ మనిషి క్షేమంగా డిశ్చార్జ్ అయినట్టే. పేషెంట్లని తొందరగా వేరే చోటికి పంపించేసే ఆసుపత్రిలో మరణాలు తక్కువగా కనిపిస్తాయంటే ఆశ్చర్యం ఏముంది? ఈ డేటా ఎలా వాడాలో, ఎలా వాడకూడదో దాన్ని విడుదల చేసేవాళ్లే రాసి ఇస్తారు. అయినా అందులోంచి వచ్చిన 120 పేపర్లు తీసి చూస్తే ఎక్కువ వాటిలో ఆ నియమాల్లో కనీసం ఒకటైనా పాటించలేదని 2017లోనే బయటపడింది.

నన్ను ఇప్పటికీ ఆలోచనలో పడేసే విషయం ఒకటుంది. 1980ల్లో అమెరికా రికార్డులు చూసినవాళ్లకి విచిత్రమైన ఫలితం వచ్చింది: బీపీ, షుగర్ లాంటి దీర్ఘకాలిక జబ్బులు రాసి ఉన్నవాళ్లు అవి రాయని వాళ్లకంటే ఆసుపత్రిలో తక్కువగా చనిపోతున్నారు. బీపీ ప్రాణాన్ని కాపాడుతోందా? కాదు. అప్పట్లో మెడికేర్, అంటే అమెరికా ప్రభుత్వం ముఖ్యంగా పెద్దవాళ్లకిచ్చే ఆరోగ్య బీమా, ఫారంలో 5 జబ్బులకే చోటు. చావుబతుకుల్లో ఉన్న మనిషికి కిడ్నీ ఫెయిల్యూర్, షాక్, గుండె ఆగిపోవడం లాంటివి రాసేసరికి ఆ గడులు నిండిపోయేవి, బీపీకి చోటు మిగిలేది కాదు. ఒంట్లో పెద్ద ఇబ్బంది లేనివాళ్లకే బీపీ రాసే తీరిక. కాగితం మీద గడులు చాలక పుట్టిన ఫలితం అది.

ఇంత చెప్పానని ఈ డేటా పనికిరాదని నేను అంటున్నట్టు అనుకోవద్దు. అలా అనుకుంటే పదకొండేళ్లు ఈ కుర్చీలో కూర్చునేదాన్ని కాదు. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకాతో పిల్లలకి ఆటిజం వస్తుందన్న భయం 1998లో 12 మంది పిల్లల మీద రాసిన ఒక పేపర్‌తో లేచింది. ఆ పేపర్‌ని అచ్చువేసిన లాన్సెట్ అనే వైద్య పత్రిక 2010లో వెనక్కి తీసుకుంది, కానీ ఆ లోపల ఎంతమంది తల్లులు టీకా వేయించాలా వద్దా అని నిద్రపోలేదో. ఆ భయానికి గట్టి జవాబు ఇచ్చినవాటిలో డెన్మార్క్ జాతీయ రికార్డులు ఒకటి. అక్కడ ప్రతి పౌరుడికీ 1968 నుంచి ఒక నంబర్ ఉంది, 1977 నుంచి ఆసుపత్రి చేరికలు ఒక జాతీయ రిజిస్టర్‌లో ఉన్నాయి, కాబట్టి టీకా రికార్డునీ జబ్బు రికార్డునీ ఒకే మనిషి కింద కలపగలరు. 1991 నుంచి 1998 దాకా పుట్టిన 5,37,303 మంది పిల్లల్ని చూసి, టీకా వేసుకున్నవాళ్లలో ఆటిజం ఎక్కువ లేదని 2002లో చెప్పారు. 12 మంది ఎక్కడ, అయిదు లక్షల పైచిలుకు ఎక్కడ. పైగా ఆ లెక్క కోసం ఏ ఒక్క పిల్లాడినీ కొత్తగా సూదితో పొడవలేదు.

బ్రిస్టల్ సంగతి తలుచుకుంటే మాత్రం మనసు కలుక్కుమంటుంది. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో చిన్నపిల్లల గుండె ఆపరేషన్లలో మరణాలు ఎక్కువగా ఉన్నాయని అక్కడే పనిచేసే మత్తు డాక్టర్ స్టీఫెన్ బోల్సిన్ గమనించి, స్వయంగా లెక్కలు పోగుచేసి చెప్పడం మొదలుపెట్టారు. ఏళ్లు గడిచాయి. చివరికి 2001లో విచారణ నివేదిక వచ్చింది: 1991 నుంచి 1995 మధ్య, అలాంటి మామూలు కేంద్రంతో పోలిస్తే, ఏడాది నిండని పిల్లలు 30 నుంచి 35 మంది ఎక్కువగా చనిపోయారు. ఆ నివేదికలోనే ఇంకో మాట ఉంది. ఇంగ్లండ్ ఆసుపత్రుల్లో ప్రతి చేరికా నమోదయ్యే జాతీయ డేటా అప్పటికే ఉంది, కానీ ఆసుపత్రుల పనితీరు చూడటానికి అది పనికొస్తుందని ఎవరూ గుర్తించలేదు. అంటే ఆ పిల్లలు ఒక్కొక్కరూ ఎక్కడో ఒక వరుసలో రాసి ఉన్నారు. కోడ్ ఉంది, వయసు ఉంది, డిశ్చార్జ్ గడిలో మరణం అని ఉంది. తీసి కలిపి చూసినవాళ్లు లేరు. నేను సాయంత్రం అలసిపోయి ఇంకో రెండు చార్టులే కదా అని తొందరపడబోయినప్పుడు నాకు గుర్తొచ్చేది ఆ వరుసలే.

గోప్యత గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే రికార్డుల్లో పేర్లు ఉండవు కాబట్టి భయం లేదని వార్తల్లో తేలిగ్గా రాసేస్తారు. 1990ల్లో మసాచుసెట్స్‌లో ప్రభుత్వ ఉద్యోగుల ఆసుపత్రి రికార్డులు పేర్లు తీసేసి పరిశోధనకి ఇచ్చారు. లటాన్యా స్వీనీ అనే విద్యార్థిని 20 డాలర్లకి ఓటర్ల జాబితా కొని, పుట్టిన తేదీ, ఆడా మగా, పిన్‌కోడ్ ఈ మూడూ కలిపి, ఆ రాష్ట్ర గవర్నర్ రికార్డునే పట్టేసింది. పేరు తీసేస్తే సరిపోదని అప్పుడే తేలింది. అందుకని డేటా మూసేయాలని కాదు, ఎవరికి ఇస్తున్నారు, ఏం చేయనని సంతకం పెట్టించుకుంటున్నారు అన్నది గట్టిగా ఉండాలి.

నేను అడిగేది పెద్దదేం కాదు. ఇలాంటి వార్త వేసేటప్పుడు ఇంకో రెండు వాక్యాల చోటు ఇవ్వండి. లెక్కపెట్టింది మనుషులనా, ఆసుపత్రి చేరికలనా? చనిపోయారు అంటే ఆసుపత్రిలోనా, ఇంటికి వెళ్లాక కూడా చూశారా? పోల్చిన రెండు గుంపుల్లో మొదటినుంచే ఎక్కువ జబ్బుగా ఉన్నవాళ్లు ఒక పక్కనే ఉన్నారేమో సరిచూశారా? అసలు పేపర్‌లో ఇవన్నీ పరిమితులు అనే చోట చాలావరకు రాసే ఉంటాయి, వార్త అయ్యేసరికి రాలిపోతాయి. మందు వేసుకుంటున్న మనిషి మీ హెడ్డింగ్ చూసి మందు మానేస్తే ఆ మనిషి మళ్లీ వచ్చేది ఏదో ఒక ఆసుపత్రికే, ఆ చార్ట్ చేరేది నాలాంటివాళ్ల దగ్గరికే.

మీ పత్రిక చదివే డాక్టర్లకి కూడా ఒక విన్నపం. మీకు తీరిక ఉండదని తెలుసు, ఒక వార్డు చూసుకుని ఇంకో వార్డుకి పరిగెత్తుతూ సమ్మరీ రాస్తారని తెలుసు. కానీ 'హార్ట్ ఫెయిల్యూర్' అని వదిలేయకుండా అది ఏ రకమో, ఇప్పుడే వచ్చిందా పాతదా అని ఇంకో రెండు మాటలు రాయండి. కోడర్ నుంచి క్వెరీ వస్తే బిల్లు కోసం వేధిస్తున్నారని అనుకోకుండా జవాబు ఇవ్వండి. నిన్న సాయంత్రం పెట్టినవి రెండు ఇంకా నా లిస్టులోనే ఉన్నాయి.

ఇట్లు,
ఒక మెడికల్ కోడర్