మాయమైన ఓడలన్నీ దొంగ ఓడలు కావు

సంపాదకుల వారికి నమస్కారం.

తామెక్కడున్నామో రేడియోలో చెప్పే ట్రాన్స్‌పాండర్‌ను ఆపేసుకుని మ్యాపుల్లోంచి మాయమయ్యే ఓడల మీద మీరు వేసిన ఆదివారం వ్యాసం చదివాను. బాగుంది. కాకపోతే అది చదివిన దగ్గర్నుంచి మా మనవడు ఫోన్‌లో ఓడల మ్యాప్ తెరిచి, బంగాళాఖాతంలో కనపడకుండా పోయిన ప్రతిదాన్నీ దొంగ ఓడ అంటున్నాడు. నేను విశాఖలో ఓడలెక్కి రాడార్లు, రేడియోలు, 2002 తర్వాత ఈ ఏఐఎస్ పెట్టెలు (మీరు రాసిన ట్రాన్స్‌పాండర్లు ఇవే) బిగించి రిటైరైనవాణ్ణి. ఇప్పుడు కుషాయిగూడలో కొడుకు దగ్గర ఉంటున్నాను. సముద్రం లేని ఊళ్లో ఈ గోల ఏమిటనకండి, సునామీ హెచ్చరికలిచ్చే ఇన్‌కాయిస్ ఉన్నది ఇక్కడి ప్రగతినగర్ దగ్గరే.

కావాలని ఆపేసేవాళ్లు ఉన్నారు, కాదనను. సముద్రపు దొంగల భయం ఉన్నచోట ఆపేసుకునే వీలు కెప్టెన్‌కు నిబంధనలే ఇచ్చాయి. పైగా ఫోన్ మ్యాప్‌కు సమాచారం ఎక్కువగా వచ్చేది ఒడ్డునున్న రిసీవర్ల నుంచి. నడిసముద్రంలోకి వెళ్తే వాటికి అందదు. ఇవి పోను, వైరింగ్ లోపంతో మాయమయ్యేవి ఎన్నో. నేను చూసిందొకటి చెబుతాను.

ఒకసారి బొగ్గు ఓడ వచ్చింది. ‘మీ ఓడ మ్యాప్‌లో లేదు’ అని రేవులో ఓడ పనులు చూసే ఏజెంటు ఫోన్ మీద ఫోన్. ‘మాకు అందరూ కనపడుతున్నారు, మా పెట్టె బాగానే ఉంది’ అని కెప్టెన్. ఇద్దరిదీ నిజమే. వినడానికి యాంటెన్నా సగం చచ్చినా నెట్టుకొస్తుంది, పంపడానికే తిప్పలు. అలారం లిస్టు తెరిచి చూస్తే వీఎస్‌డబ్ల్యూఆర్ హద్దు దాటిందని, అంటే పంపిన సిగ్నల్ యాంటెన్నా నుంచి వెనక్కి తన్నుతోందని, పెట్టె ఎప్పుడో మొత్తుకుంది. ఎవరో బటన్ నొక్కి నోరు మూయించారు. ఓడ నడిపే గది (బ్రిడ్జి) పైకప్పు ఎక్కాను. యాంటెన్నా కింద పీఎల్-259 కనెక్టర్‌కు మన ఇళ్లలో వాడే నల్ల టేపు చుట్టి ఉంది. విప్పితే చెంచాడు నీళ్లు కారాయి. లోపలి రాగి జల్లెడ గోరింటాకు ముద్దలా పచ్చగా అయిపోయింది. పెట్టె పంపే పన్నెండున్నర వాట్లలో గాల్లోకి పోయేది ఎంతో దేవుడికే తెలియాలి. కేబుల్‌ను మెరిసే రాగి కనపడేదాకా జానెడు కోసి, కొత్త కనెక్టర్ సోల్డర్ చేసి, సాగదీసి చుడితే తనకు తానే అతుక్కునే రబ్బరు టేపు చుట్టాను. కిందికొచ్చి టీ సగం తాగానో లేదో ఏజెంటు ఫోన్: ‘వచ్చేసింది గురువుగారూ!’

ఇంకో తలనొప్పి డేటా వైర్లది. గైరో దిక్సూచి నుంచి పెట్టెకు వచ్చే రెండు తీగలు, ఏ, బీ. అవి తారుమారైతే ఏదీ కాలదు, పొగ రాదు, అందుకే ఎవరికీ తెలియదు. ఓడ ముక్కు ఎటుందో మాత్రం లోకానికి తెలియదు. డేటా పంపే స్పీడు లెక్క కూడా అంతే. మామూలు పరికరాలు 4800 బాడ్‌లో మాట్లాడితే ఏఐఎస్ 38400లో మాట్లాడుతుంది. అది చూసుకోకుండా లాప్‌టాప్‌కు తగిలించి, తెర మీద పిచ్చిగీతలు చూసి పెట్టె పోయిందని తేల్చిన ఇంజినీర్లు నాకు తెలుసు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మన వేట పడవలకూ ట్రాన్స్‌పాండర్లు పెడుతున్నారు. అవి ఉపగ్రహంతో మాట్లాడే వేరే రకం. కానీ ఉప్పుగాలికి ఆ తేడా తెలియదు, కనెక్టర్ ఏదైనా తినేస్తుంది. పెట్టెతో వచ్చే పుస్తకాలు నేను చూసినంతవరకు ఇంగ్లీషువే. పడవ మీద దాన్ని బాగుచేసుకోవాల్సిన కుర్రాడికి అది చదవడం రాదు. ఫ్యూజు ఎక్కడుంది, ఏ తీగ దేనికి, ఏ టేపు చుట్టాలి, ఆరు నెలలకోసారి ఏం విప్పి చూడాలి. ఇంతే, ఒక్క పేజీ, తెలుగులో అచ్చేసి ప్రతి పెట్టెతో ఇమ్మని మత్స్యశాఖ వారికి మీ పత్రిక ద్వారా మనవి. రాసేవాళ్లు దొరక్కపోతే నేను రాసిస్తాను, బొమ్మలతో సహా. డబ్బులేం అక్కర్లేదు.

ఇట్లు
విశ్రాంత మెరైన్ ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్,
కుషాయిగూడ, హైదరాబాద్