లైబ్రరీలో సాయం చేసిన అక్కకు కృతజ్ఞతలు

డాలస్‌లో మా కమ్యూనిటీ కాలేజీ లైబ్రరీలో నా పక్కన కూర్చుని ఓపిగ్గా అన్నీ చెప్పిన తెలుగు అక్కకు మనసారా ధన్యవాదాలు.

ఇంటర్ తర్వాత పెళ్లి, పిల్లలు, అమెరికా ప్రయాణం. మళ్లీ చదువుదామంటే టీఎస్‌ఐఏ2 రాయమన్నారు. టెక్సస్‌లో కాలేజీలో చేరేవాళ్ల లెక్కలు, ఇంగ్లీషు ఏ స్థాయిలో ఉన్నాయో చూసే పరీక్ష అది. పేరు వింటేనే టెన్షన్.

టైమ్ లిమిట్ లేదని మీరు చెప్పాకే నాకు ఊపిరి ఆడింది. జవాబు పంపాక వెనక్కి వెళ్లలేమని, కాబట్టి ప్రతి ప్రశ్నా నిదానంగా చదవమని చెప్పారు. మన క్యాలిక్యులేటర్ తీసుకెళ్లనివ్వరు, అవసరమైన ప్రశ్నలకు స్క్రీన్ మీదే వస్తుందన్నారు. లెక్కల్లో గట్టెక్కడానికి కావాల్సిన 950 స్కోరు రాకపోయినా కంగారు వద్దని, వెంటనే వచ్చే డయాగ్నస్టిక్ భాగంలో (మనం ఎక్కడ బలంగా, ఎక్కడ బలహీనంగా ఉన్నామో చూసే అదనపు ప్రశ్నలు) 6వ లెవెల్ వస్తే చాలని ధైర్యం చెప్పారు. ఈ ఒక్క సంగతి ముందే తెలిస్తే ఎంతమందికి భయం తగ్గుతుందో!

అన్నిటికన్నా పెద్ద సాయం ఇంగ్లీషు పరీక్షలో రాయాల్సిన ఎస్సే విషయంలో. నాతో ఒకటి రాయించి, వాక్యం వాక్యం చదివారు. "నీ అభిప్రాయం మొదటి పేరాలోనే చెప్పు, తర్వాత కారణాలు రాయి" అన్నారు. మీకూ క్లాసుకు టైమ్ అవుతోంది, అయినా లేవలేదు.

అక్కా, లెక్కలు, ఇంగ్లీషు రెండూ గట్టెక్కాయి. కాలేజ్ ఆల్జీబ్రాలో చేరాను. మీ మేలు మరచిపోను.