శనివారం షోకి మాలి తీసుకుందామా

హాయ్ అందరికీ, ఈసారి మన రేడియో షోలో పశ్చిమ ఆఫ్రికాలోని మాలి దేశం గురించి చేద్దాం అనుకుంటున్నా, 2012లో అక్కడ ఉత్తరాన సాయుధ గుంపులు ఊళ్లు పట్టుకుని పాటలే వద్దన్నాయి, ఫోన్లో రింగ్‌టోన్ కూడా వినపడకూడదన్నాయి, అప్పుడు రాజధాని బమాకోకి పారిపోయొచ్చిన కుర్రాళ్లే సాంగోయ్ బ్లూస్ అని బ్యాండ్ పెట్టుకున్నారు, వినండి ఒకసారి, ఒళ్లు జలదరిస్తుంది అసలు. ముందు మాలి గిటారిస్ట్ అలీ ఫర్కా తూరే గిటార్ రెండు నిమిషాలు వేద్దాం, మధ్యలో ఎవరూ మాట్లాడొద్దు ప్లీజ్.

మన దేశంలో కమ్యూనిటీ రేడియోకి సొంతంగా వార్తలు చెప్పే పర్మిషన్ లేదు కాబట్టి ఈ వారం అక్కడేమైందో జోలికి పోకుండా పాట వెనక చరిత్రే చెప్పాలి. ఫ్రెంచ్ వచ్చినవాళ్లుంటే చెప్పండి, అక్కడి పేర్లు ఫ్రెంచ్ స్పెల్లింగ్‌లో ఉంటాయి, సరిగ్గా పలకాలి కదా. తాంబరం వైపు నుంచి వచ్చేవాళ్లు గిండీలో దిగితే కలిసి వెళ్దాం.