పిల్లల హోములో ఒక్కరోజు అతిథులం

సంపాదకుడు గారికి,

మొన్న ఆదివారం మీ పత్రికలో ఒక ఫోటో వచ్చింది. పిల్లల హోములో ఒక రోజు గడిపిన దాతలు మధ్యలో, బహుమతి పొట్లాలు పట్టుకున్న పిల్లలు రెండు వైపులా. కింద అనాథల మోములో ఆనందం అని రాశారు. అలాంటి ఫోటోల్లో నేనూ నిలబడ్డాను. ఆ పిల్లలు అంత చక్కగా వరసకట్టడం ఎక్కడ నేర్చుకున్నారో ఈమధ్యే తెలిసింది. అందుకే ఈ ఉత్తరం.

మా సంఘం నుంచి ఏటా ఒక క్రైస్తవ పిల్లల హోముకు వెళ్తుంటాం. పొద్దున వెళ్ళి పాటలు పాడించి, ఆటలు ఆడించి, కానుకలు పంచి, ప్రార్థన చేసుకుని పొద్దుగూకేలోపు తిరిగొస్తాం. ఈ ఏడాది మిగతావాళ్ళకు వీలు కాక నేనొక్కదాన్నే వెళ్ళాను. మైకు లేదు, కార్యక్రమం లేదు. పిల్లలంతా అమ్మా అని పిలిచే అక్కడి అమ్మగారు నన్ను ఎగాదిగా చూసి, “ఊరికే కూచుంటే మీకూ తోచదు, వీళ్ళ గోళ్ళు తియ్యండి” అని నెయిల్ కట్టర్ చేతిలో పెట్టారు.

ఇరవై రెండు మంది పిల్లలు. తలా ఇరవై చొప్పున 440 గోళ్ళు. నా నడుం పట్టేసిన మాట అటుంచండి, నాలుగేళ్ళుగా వెళ్తున్నా తెలియని సంగతులు ఆ రెండు మూడు గంటల్లో తెలిశాయి. గోళ్ళు తీసేటప్పుడు పిల్లలు కదలకూడదు, మన మొహం చూడక్కర్లేదు. ఇద్దరి చూపూ వేలిమీదే ఉంటుంది. అప్పుడు మాటలు వాటంతటవే వస్తాయి. ఒకమ్మాయి తన తమ్ముడు వేరే హోములో ఉన్నాడని చెప్పింది, వాడికి ఇప్పుడు పళ్ళు ఊడుతుంటాయేమో అని లెక్కలు వేసుకుంది. ఒక అయిదేళ్ళవాడు చేతులూ కాళ్ళూ అయిపోయాక వెళ్ళి మళ్ళీ వరస చివర నిలబడ్డాడు. వాడి వంతు వచ్చింది. తియ్యడానికి ఏమీ మిగల్లేదు. అయినా చెయ్యి చాపి బుద్ధిగా కూచున్నాడు. నేను కూడా పది వేళ్ళకూ కట్టర్ ఆనించి ఉత్తుత్తినే టిక్కు టిక్కుమనిపించాను.

మధ్యలో టైము చూద్దామని ఫోను బయటికి తీశాను. పక్కన ఆడుకుంటున్న ఆరేడుగురు ఆట ఆపేసి వచ్చి నిలబడ్డారు. పొడుగువాళ్ళు వెనక, పొట్టివాళ్ళు ముందు. ఎవరూ చెప్పలేదు. నవ్వు కూడా పెట్టేసుకున్నారు. నేను ఫోను సంచిలో వేసేదాకా ఆ నవ్వు అలాగే ఉంది. మీ ఫోటోలో నేను చూసింది ఆ నవ్వే.

మేం గేటు దాటగానే చిన్నపిల్లలు పరుగెత్తుకొచ్చి కాళ్ళు చుట్టేసుకునేవాళ్ళు. ఎంత ప్రేమో అని ప్రతి ఏడూ మురిసిపోయేవాళ్ళం. ముక్కూ మొహం తెలియనివాళ్ళ ఒళ్ళోకి అలా ఎక్కేయడం, నిలకడగా చూసుకునే మనిషి లేకుండా పెరిగిన పసివాళ్ళలో తరచు కనిపించే లక్షణమని తర్వాత చదివి నోరు మూసుకున్నాను. ఇది కొత్త సంగతేమీ కాదు. పసివాడికి తల్లిగానీ, తల్లి స్థానంలో ఎప్పుడూ కనిపించే ఒక మనిషిగానీ ఉండి తీరాలని బ్రిటిష్ మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ 1951లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థకు నివేదిక రాసిచ్చాడు. తర్వాత రుమేనియాలో, 2000 నుంచి, బుకారెస్టు ఆశ్రమాల్లోని 136 మంది పసిపిల్లలను పరిశోధకులు ఏళ్ళ తరబడి గమనించారు. చీటీలు వేసినట్టుగా సగం మందిని ఎంచి పెంపుడు కుటుంబాలకు పంపారు. వాళ్ళలో రెండేళ్ళు నిండకముందే ఒక ఇంటికి చేరినవాళ్ళు మిగతావాళ్ళకంటే బాగా తేరుకున్నారు.

అలాంటి పిల్లల దగ్గరికి మేం ఒక రోజు ప్రేమను పట్టుకెళ్తున్నాం. మాలాంటి బృందాలు అక్కడికి దాదాపు ప్రతి ఆదివారం వస్తాయట. ఎత్తుకుంటారు, ముద్దుచేస్తారు, మళ్ళీ వస్తాం అంటారు. “మీరంతా వెళ్ళిన రాత్రి వీళ్ళకు నిద్ర పట్టదండీ. ఇద్దరు ముగ్గురు పక్క తడిపేస్తారు. పొద్దున ఆ దుప్పట్లు నేనే ఉతుక్కోవాలి” అన్నారు అమ్మగారు. దెప్పుతున్నట్టేమీ లేదు, నేను రాల్చిన గోళ్ళ ముక్కలు ఊడుస్తూ అన్నారు.

సాయంత్రం ప్రార్థనలో పిల్లలు ఒక్కొక్కరూ తమ మనవి చెప్పుకోవాలి. అందరితోపాటు నేనూ కళ్ళు మూసుకున్నాను. మా అమ్మకు ఒళ్ళు బాగవ్వాలి ప్రభువా. మా నాన్న తాగుడు మానాలి. నానమ్మ ఈసారైనా సెలవులకు తీసుకెళ్ళాలి. లెక్కపెట్టకూడదు గానీ లెక్కపెట్టాను. ఇరవై రెండు మందిలో పద్నాలుగు మంది ఇంట్లోవాళ్ళ కోసం ప్రార్థించారు. వాళ్ళంతా అనాథలని చెప్పి సంఘంలో నాలుగేళ్ళుగా చందాలు ఎత్తింది నేనే.

కేవలం పేదరికం కారణంగా బిడ్డను ఇంటినుంచి తెచ్చి సంస్థలో పెట్టకూడదని, ఆ ఇంటికే ఆసరా ఇవ్వాలని ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2009లో ఆమోదించిన మార్గదర్శకాలు చెప్తున్నాయి. తోబుట్టువులను విడదీయవద్దని కూడా అందులోనే ఉంది. ఆ తమ్ముడి పళ్ళ లెక్క నాకు అక్కడ గుర్తొచ్చింది. అలాగని హోములన్నీ మూసేయమని నేను అనను. తాగొచ్చి కొట్టే నాన్న దగ్గరికి పిల్లను పంపి, కుటుంబంలో కలిపేశామని చేతులు దులుపుకుంటే అది ఇంకా పెద్ద పాపం. కానీ జబ్బుపడ్డ ఆ తల్లికి మందులు అందితే బిడ్డ ఇంట్లోనే ఉండగలిగేదా అని మేం ఒక్కసారైనా అడగలేదు. హోముకిచ్చే చందాకు రసీదు వస్తుంది, ఫోటో వస్తుంది. ఆ తల్లికిస్తే రెండూ రావు.

ఇదంతా క్రైస్తవ హోము కాబట్టే అని సంబరపడేవాళ్ళుంటే ఆ సంబరం నాతో కాదు. ఏ మతం గేటు ముందైనా సెలవురోజున ఇవే కార్లు ఆగుతాయి. అయితే మావాళ్ళకు మాత్రం ఒక మాట చెప్పాలి. దిక్కులేని పిల్లలను పరామర్శించడమే నిజమైన భక్తి అనే, బైబిల్లోని యాకోబు పత్రిక వచనం మాలో అందరికీ కంఠతా వచ్చు. దాని తర్వాత మా ప్రసంగాల్లో తప్పకుండా వచ్చే పేరు జార్జి ముల్లర్. 1836లో ఇంగ్లండులోని బ్రిస్టల్లో ఒక అద్దె ఇంట్లో మొదలుపెట్టి, 1870 నాటికి అయిదు పెద్ద భవనాల్లో రెండు వేల మందికి పైగా పిల్లలకు చోటు కల్పించినవాడు. ఎవరినీ చెయ్యి చాచి అడగలేదని గొప్పగా చెప్పుకుంటాం. వచ్చిన కానుకలకు లెక్క రాసి ఏటా నివేదిక అచ్చువేసేవాడన్నది మాత్రం ఎవరూ ఎత్తరు. ఆ సంస్థే 1958లో ఆ భవనాలు అమ్మేసి, చిన్న ఇళ్ళలో కొద్దిమంది పిల్లలను కుటుంబంలా పెంచే పద్ధతికి మారిందన్నది అసలే ఎత్తరు. భవనానికి శంకుస్థాపన ఫలకం ఉంటుంది కదా, మాకు దాని మీదే మోజు.

ఇంకొకటి. ఆ రోజు గేటు దగ్గర నన్నెవరూ ఏమీ అడగలేదు. సంఘం పేరు చెప్పి పుస్తకంలో సంతకం పెట్టాను, అంతే. అమ్మగారు వంటపనిలో ఉంటే పిల్లలతో గంటలకొద్దీ నేనొక్కదాన్నే ఉన్నాను. నమ్మారు కదా అని అప్పుడు సంతోషించాను. ఇంటికొచ్చాక, నా బదులు ఇంకెవరైనా వచ్చి ఉంటే అనిపించి గుండె జారింది. ఏ హోమైనా సరే, ఎంత పెద్ద దాత అయినా సరే, ఆరా తీయకుండా లోపలికి రానివ్వకూడదు. పిల్లల దగ్గర ఒంటరిగా అసలు వదలకూడదు.

ఇక మీతో పని. ఈ పిల్లల ముఖాలు అచ్చువేయకండి. పేపరు మర్నాటికి పొట్లం కాగితమైపోయేది ఒకప్పుడు, ఇప్పుడు ఫోటో ఇంటర్నెట్లో ఉండిపోతుంది. రేపు ఆ అమ్మాయి ఉద్యోగానికో పెళ్ళి సంబంధానికో వెళ్ళినప్పుడు ఎవరో ఒకరు దాన్ని తీసి చూపిస్తారు. అనాథ అనే మాట కూడా తీసేయండి, వాళ్ళలో చాలామందికి అమ్మో నాన్నో ఉన్నారు. దాతల ఫోటో తప్పదంటే దాతలనే నిలబెట్టి తీయండి, మాకేం అభ్యంతరం లేదు, నవ్వడం మాకూ వచ్చు.

బయల్దేరే ముందు అమ్మగారిని అడిగాను, మళ్ళీ వస్తే ఏ పని చెప్తారని. “సోమవారం రండి” అన్నారు. ఆదివారం అందరూ వస్తారు, సోమవారం దుప్పట్లుంటాయి. అవి నేను ఉతికితే ఆవిడ ఆ గంటా పిల్లల దగ్గర కూచోవచ్చు. ఆఫీసులో సెలవు చీటీ ఇచ్చేశాను.

ఇట్లు,
మీ పాఠకురాలు