పట్టాలే లేని చోట కరెంటు తీగలు ఎక్కడ వేస్తారు? రైల్వే మంత్రి గారికి కోనసీమ నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రైల్వే శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

కోనసీమ మీదుగా వేయాల్సిన కోటిపల్లి - నరసాపురం రైలు లైను గురించి మీకు కొత్తగా చెప్పేదేమీ లేదు. ఏ పనికి ఎంత కేటాయించారో చెబుతూ మీ శాఖ ఏటా అచ్చువేసే పింక్ బుక్‌లో ఆ పేరుంటుంది, ఎదురుగా ఏదో ఒక అంకె ఉంటుంది. మా ఎంపీలు పార్లమెంటులో అడుగుతుంటారు. మీరూ, మీకు ముందు ఆ కుర్చీలో కూర్చున్నవారూ జవాబిస్తుంటారు. ఆ జవాబు మాకు కంఠతా వచ్చేసింది. భూసేకరణ పూర్తి కావాలి, రాష్ట్ర ప్రభుత్వం తన వాటా జమ చేయాలి, అడ్డొచ్చే స్తంభాలూ పైపులూ తరలించాలి, ఏడాదిలో పనికి వీలైన నెలలు ఎన్నో చూసుకోవాలి, కాబట్టి ఎప్పటికి పూర్తవుతుందో చెప్పలేం. ఇంతే. పాతికేళ్లుగా ఇంతే.

అందుకే లైను సంగతి కాసేపు పక్కన పెట్టి, మా రేవు సంగతి చెబుతాను. ఓపిగ్గా వినండి.

నాది ముక్తేశ్వరం దగ్గర ఒక పల్లె. రామచంద్రపురంలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. పనికి వెళ్లాలంటే రోజూ గోదారి పాయ గౌతమి దాటాలి. ముక్తేశ్వరం రేవులో పంటు, అంటే మనుషుల్నీ బండ్లనీ దాటించే పెద్ద పడవ, ఎక్కితే అవతల కోటిపల్లి. కళ్లెదుట కనిపించే ఒడ్డు. కానీ పంటుకి టైమ్ టేబుల్ ఉండదు కదండీ. నిండితేగాని కదలదు. ముందు కార్లూ ఆటోలూ ఎక్కిస్తారు, తర్వాత మోటారు సైకిళ్లు, వాటి సందుల్లో మనుషులం. సైలెన్సర్ కాలికి తగలకుండా ఒంటికాలి మీద నిలబడటం మా వాళ్లందరికీ అలవాటే. చంకలో పిల్ల, చేతిలో క్యారేజీ పట్టుకుని అలాగే నిలబడే ఆడవాళ్లని చూస్తే మీకే జాలేస్తుంది. ఎండాకాలం నీళ్లు తగ్గితే పంటు ఒడ్డు దాకా రాదు. ఇసుకలో దిగి బండి తోసుకుంటూ పోవాలి. గాలి లేస్తే ఆపేస్తారు. పొగమంచు పడితే ఆపేస్తారు. వాళ్లు ఆపడం తప్పని నేను అనను, ప్రాణాలతో పని. కానీ ఆ రోజు ఆలస్యానికి మిల్లులో నాకు హాఫ్ డే పడుతుంది. పొగమంచు పడిందని మా యజమానికి చెబితే, అవతల ఒడ్డున ఎండ కాస్తోంది కదా అంటాడు.

ఇక గోదారి పొంగే రోజులు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ అంకెలు మా ఇళ్లలో బడికెళ్లే పిల్లలకి కూడా తెలుసు. మొదటి హెచ్చరిక మాట వినిపించిందంటే పంటు మీద ఆశ వదులుకోవాల్సిందే. 2022 జులైలో బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లొచ్చాయి. లంక గ్రామాల వాళ్ల కష్టాల ముందు మాది లెక్కలోకి రాదు, ఒప్పుకుంటాను. కానీ ఏటా చిన్న పొంగు వచ్చినా మాకు దారి మూసుకుపోతుంది. అప్పుడు రామచంద్రపురం వెళ్లాలంటే రావులపాలెం వెళ్లి, జొన్నాడ వంతెన దాటి, ఆలమూరు, మండపేట చుట్టి రావాలి. కాకినాడ వెళ్లేవాళ్లయితే ముమ్మిడివరం, ఎదుర్లంక, యానాం మీదుగా. బస్సు దొరికితే నిలబడి, దొరక్కపోతే ఆటోలు మారుతూ.

మా అమ్మాయి కాకినాడలో నర్సింగ్ చదువుతోంది. మొదట ఇంటి నుంచే వెళ్లొచ్చేది. ఉదయం డ్యూటీ వేసిన వారం ఇంట్లో అందరికీ టెన్షనే. చీకటితో లేచి రేవుకి తీసుకెళ్తే పంటు అవతల ఒడ్డున ఉండేది. ఆలస్యమైతే వార్డులో తిట్లు, అటెండెన్స్‌లో కోత. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు ఆఖరి పంటు అందుతుందో లేదో అని వాళ్లమ్మ ఫోన్ చేతిలో పట్టుకుని గుమ్మంలోనే ఉండేది. చివరికి హాస్టల్లో వేశాం. నది దాటితే యాభై కిలోమీటర్లు కూడా లేని ఊళ్లో చదివే పిల్లని హాస్టల్లో ఉంచి, నా జీతంలో సగం అక్కడ కడుతున్నాను. పాలకొల్లు, వీరవాసరం వైపు నుంచి భీమవరం కాలేజీలకి వెళ్లే పిల్లలకి నెలవారీ రైలు సీజన్ టికెట్ అనేది ఒకటుంది. మా పిల్లలకి ఆ మాట వార్తల్లో వినడమే.

ఇంతకీ, పంటు దాటే దారిలో మాకు రోజూ కనబడేది ఏమిటో తెలుసా అండీ? మీ వంతెన స్తంభాలు. నదిలో వరసగా నిలబడి ఉన్నాయి. బాగా కట్టారు, అందులో సందేహం లేదు. ఎన్ని వరదలొచ్చినా చెక్కు చెదరలేదు. వాటి మీద రైలు నడవడమే ఇంకా చూడలేదు. గౌతమి మీద ఇలా, అవతల ఇంకో పాయ వైనతేయ మీద బోడసకుర్రు - పాశర్లపూడి దగ్గర ఇలా, నరసాపురం వైపు మూడో పాయ వశిష్ఠ మీద ఇలా. ముందు నదుల్లో స్తంభాలు లేపి, ఆ తర్వాత ఒడ్డున భూమి కోసం వెతకడం ఏం ప్లానింగో నాబోటి గుమాస్తాకి అర్థం కాదు. మిల్లులో ధాన్యం కొనకుండానే బస్తాలు కుట్టించి పెడితే మా యజమాని నన్ను ఆ పూటే పంపించేస్తాడు.

దూరం చూస్తే మొత్తం 57 కిలోమీటర్లు. మంజూరైంది 2000-01లో. అప్పటి లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారు అమలాపురం ఎంపీ. ఆయన పట్టుబట్టి సాధించారని ఊరూరా చెప్పుకున్నారు. 2002లో ఆయన పోయారు. అప్పుడు పుట్టిన పిల్లలు ఇప్పుడు పెళ్లిళ్లు చేసుకుంటున్నారు. అంచనా ఖర్చు రెండు వేల కోట్లు దాటింది. ఆలస్యం వల్ల ఖర్చు పెరిగిందంటారు, ఖర్చు పెరగడం వల్ల ఆలస్యమైందంటారు. రెండూ మీ వాళ్లే అంటారు.

రాజమండ్రిలో హేవలాక్ వంతెన ఉంది. రెండున్నర కిలోమీటర్ల పైబడిన వంతెన, పని మొదలైంది 1897లో, రైలు నడిచింది 1900లో. తర్వాత 1974లో రోడ్డు కం రైలు వంతెన, 1997లో ఆర్చి వంతెన వచ్చాయి. ఒక్క ఊరి దగ్గరే మూడు రైలు వంతెనలు చూసిన గోదారి, కిందకొచ్చి పాయలుగా విడిపోయాక ఒక్క రైలూ చూడలేదు. తెల్లవాళ్లని పొగుడుతున్నాననుకోకండి. వాళ్ల కాలంలోనే మాకొక దెబ్బ తగిలింది కూడా. 1928లో వేసిన కాకినాడ - కోటిపల్లి లైనుని, రెండో ప్రపంచ యుద్ధానికి ఇనుము కావాలని 1940లో పీక్కుపోయారు. పీకడానికి మాత్రం భూసేకరణ అడ్డురాలేదు. ఆ పట్టాలు తిరిగి రావడానికి 2004 దాకా పట్టింది.

వచ్చింది కదా అని సంతోషించాం. ఒక్క పెట్టెతో రైల్ బస్సు నడిపారు. ద్రాక్షారామం, రామచంద్రపురం మీదుగా నెమ్మదిగా పోయేది. నవ్వుకున్నవాళ్లు నవ్వుకున్నారు గానీ ఎక్కేవాళ్లు ఎక్కేవారు. కరోనాలో దాన్ని ఆపారు. కరోనా పోయింది, రైల్ బస్సు తిరిగి రాలేదు. కాబట్టి ఇప్పుడు మా పరిస్థితి ఏమిటంటే, పంటు దిగి కోటిపల్లి ఒడ్డెక్కితే ఆ ఊళ్లో స్టేషనుంది, కాకినాడ దాకా 45 కిలోమీటర్ల పట్టాలున్నాయి, ఎక్కడానికి బండి లేదు. ఆ పట్టాలున్న ఊరి నుంచే మేం షేర్ ఆటోలో ముందు డ్రైవర్ పక్కన సగం సీటులో కూర్చుని రామచంద్రపురం పోతున్నాం.

అన్నిటికన్నా మంట పుట్టించేది మీ కరెంటు లెక్క. బ్రాడ్ గేజ్ మొత్తం విద్యుదీకరణ అని మీ ప్రకటనలు చదువుతున్నాం. తొంభై ఎంతో శాతం అని, రేపో మాపో నూరు అని. మా పొరుగున విజయవాడ - గుడివాడ - భీమవరం - నరసాపురం, భీమవరం - నిడదవోలు, గుడివాడ - మచిలీపట్నం లైన్లు డబ్లింగూ అయ్యాయి, విద్యుదీకరణా అయింది. మొత్తం 221 కిలోమీటర్లు. 2011-12లో మంజూరైన పని. దానికీ పదేళ్ల పైనే పట్టింది కానీ పూర్తయింది, సంతోషం. నరసాపురం దాకా తీగలొచ్చాయి. అక్కడి నుంచి ఇటు వేయడానికి పట్టాలేవి? వేసిన లైనుకే శాతం కడతారు, వేయని లైను లెక్కలోకే రాదు. అంటే మా 57 కిలోమీటర్లు ఎప్పటికీ కట్టకపోయినా మీ నూరు శాతానికి వచ్చే లోటేమీ లేదు. కట్టకుండా ఉంటేనే లెక్క శుభ్రంగా ఉంటుంది. మిల్లులో లెక్కలు రాసేవాణ్ణి కాబట్టి ఈ పద్ధతిని మెచ్చుకోకుండా ఉండలేకపోతున్నాను.

రాష్ట్ర ప్రభుత్వం పాపం కూడా ఇందులో ఉందని మాకు తెలుసు. ఖర్చులో పావు వంతు వాళ్ల వాటా. ఒక ప్రభుత్వం కొంత ఇస్తుంది, ఇంకో ప్రభుత్వం ఆపుతుంది. భూమి సేకరించి ఇవ్వాల్సిందీ వాళ్లే. మీరు అమరావతి వైపు చూపిస్తారు, వాళ్లు ఢిల్లీ వైపు చూపిస్తారు, మధ్యలో కొబ్బరి తోటల రైతులు సర్వే రాళ్ల వైపు చూస్తుంటారు. మా ఊళ్లో ఒక రైతు తోట లైను దారిలో పడుతుందన్నారు. అమ్ముదామంటే కొనేవాడు లేడు, కొత్త మొక్క పెడదామంటే ఎప్పుడు తీసుకుంటారో తెలియదు, పరిహారం ఎప్పుడిస్తారో అంతకన్నా తెలియదు. కాపు తగ్గిన పాత చెట్లని అలాగే ఉంచుకున్నాడు. రైలు రావద్దని ఆయన అనడం లేదండీ. వస్తే రమ్మనండి, రాకపోతే రాదని చెప్పమనండి అంటున్నాడు.

అర్జీలు పెట్టలేదా అంటారేమో. పెట్టాం. దీక్షల్లో కూర్చున్నాం, సంతకాలు సేకరించాం, వచ్చిన ప్రతి నాయకుడి చేతికీ కాగితం ఇచ్చాం. ఆన్‌లైన్‌లో ఒక ఆఫీసుకి నేను పెట్టిన అర్జీకి ఒకరోజు ఫోన్‌లో మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కరించబడింది అని. నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం రేవు వైపు చూశాను. తర్వాత లోపలికెళ్లి చదివితే, సంబంధిత విభాగానికి పంపడమైనది అనుంది. పంపితే పరిష్కారమైపోయినట్టేనట. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్ అని 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు కదా. దక్షిణ మధ్య రైల్వే కేంద్రమైన సికింద్రాబాద్‌లో ఉన్న మా ఫైలు విశాఖకు బయల్దేరితే ఆ ప్రయాణానికి ఎన్నేళ్లు పడుతుందోనని ఇప్పుడు అదొక భయం. ఏ బండి ఎక్కిస్తారో ఏమో, రైల్ బస్సు మాత్రం వద్దండీ.

అమలాపురం జిల్లా కేంద్రమై ఏళ్లు గడిచాయి. కలెక్టరేట్ వచ్చింది, ఎస్పీ ఆఫీసు వచ్చింది. రైలు ఎక్కాలంటే మాత్రం ఇప్పటికీ రాజమండ్రో కాకినాడో పోవాలి, లేకపోతే వశిష్ఠ దాటి అవతలి జిల్లాకి పోవాలి. పిఠాపురం - కాకినాడ లైను కూడా కాగితాల్లోనే ఉంది. అదీ ఇదీ కలిస్తే మెయిన్ లైనుకి తీరం వెంబడి రెండో దారి ఏర్పడుతుందని మీ ఇంజనీర్లకి నేను చెప్పాలా? తుపానొచ్చి అసలు లైను కోతపడినప్పుడల్లా గుర్తొస్తుంది, నీళ్లు తీయగానే మరిచిపోతారు.

మంత్రి గారూ, కోపంతో రాశానో, బతిమాలుతూ రాశానో నాకే తెలియడం లేదు. మాకు వందే భారత్ వద్దు, అద్దాల పెట్టెలు వద్దు. గౌతమి వంతెన మీద పట్టాలు వేసి కోటిపల్లి నుంచి అమలాపురం దాకా ముందు తెరవండి. మిగతా రెండు పాయలూ తర్వాత చూసుకోవచ్చు. రాష్ట్ర వాటా రావాలంటే మీరే ముఖ్యమంత్రి గారిని కూర్చోబెట్టి మాట్లాడండి, ఇద్దరూ ఒకే కూటమి వాళ్లే కదా. భూమి ఇచ్చే రైతుకి ఎంత ఇస్తారో, ఎప్పుడిస్తారో ఊళ్లోకొచ్చి చెప్పండి. పూర్తయ్యే తేదీ ఒకటి కాగితం మీద పెట్టండి.

ఇవన్నీ కుదరదంటే, ఉన్న పట్టాల మీద బండి నడపడానికి ఎవరి భూమీ సేకరించక్కర్లేదు, ఎవరి వాటా కోసమూ ఆగక్కర్లేదు. ఉదయం ఏడున్నరకల్లా కాకినాడ చేరేలా కోటిపల్లిలో ఒక బండి, సాయంత్రం ఆరు దాటాక కాకినాడలో బయల్దేరేలా ఒక బండి వేయండి. కరెంటుతో నడిచే మెమూ అయినా సరే, డీజిల్‌తో నడిచే డెమూ అయినా సరే. పెట్టెలెన్ని అన్నది మీ ఇష్టం.

ఇట్లు,
ముక్తేశ్వరం రేవులో రోజూ పంటు ఎక్కే ఒక మిల్లు గుమాస్తా