ఎండ్రకాయలకు కూడా ఒక పెట్టె కావాలి సార్

రైల్వే శాఖ మంత్రి గారికి,

కడప నుంచి నమస్కారం. నేను చేపలు, ఎండ్రకాయలు అమ్ముకుని బతికే మనిషిని. కోస్తాలో వీటిని పీతలంటారు, మాకు మాత్రం ఎండ్రకాయలే. వారానికి ఒకటి రెండుసార్లు సూళ్ళూరుపేట పోయి, పులికాట్ సరస్సు సరుకు బతికున్నది కొని, గూడూరు, రేణిగుంట మీదుగా రైల్లో తెచ్చుకుంటాను. ఎక్కడ పెట్టి తెస్తానంటే, జనరల్ పెట్టెలో, సీటు కింద. ఇది తప్పని తెలిసే ఈ ఉత్తరం రాస్తున్నాను.

పోయిన ఎండాకాలం ఒక రాత్రి బుట్ట మీద కట్టిన గోనె ఊడి రెండు ఎండ్రకాయలు బయటికొచ్చాయి. వాటి ముందు కాళ్ళకు దారం బిగించే ఉంది, కరవలేవు. ఆ సంగతి నిద్రలో ఉన్నవాళ్ళకు ఎట్లా తెలుస్తుంది? ఒక పెద్దమ్మ కాళ్ళు సీటు మీద పెట్టుకున్నది రాజంపేట దాటినా దించలేదు. ఎదురుగా కూర్చున్నాయన మాత్రం కిలో ఎంతని అడిగాడు. అంతటితో అయిపోతే నవ్వుకుని మరిచిపోయేవాణ్ణి. బుట్టలోంచి కారిన ఉప్పునీళ్ళు పక్కనున్న పెళ్ళి బట్టల సంచిలోకి ఇంకిపోయాయి. కొత్త పట్టుచీర. డబ్బులిస్తానంటే ఆ ఇంటివాళ్ళు తీసుకోలేదు, నాతో మాట్లాడనూ లేదు. నాకు ఇప్పటికీ ఆ చీర రంగు గుర్తుంది.

ఐస్‌లో పెట్టి తేవచ్చు కదా అంటారు. రొయ్యలైతే అట్లాగే తెస్తాం. ఎండ్రకాయ చచ్చిందంటే కాసేపటికే కండ మెత్తబడి నీరు కారిపోతుంది. మా దగ్గర కొనే ఆడవాళ్ళు, ఎండ్రకాయ కాళ్ళు కదిలిస్తేనే కాటా ఎక్కించనిస్తారు. అయితే దీన్ని బతికించి తేవడం పెద్ద విద్యేమీ కాదు. మొప్పలు తడిగా ఉంటే నీళ్ళు లేకుండానే రోజుల తరబడి ఉంటుంది. నిలవ నీళ్ళలో పడేస్తేనే ఊపిరాడక చస్తుంది. తడి గోనె, నీడ, కాస్త గాలి, అంతే. కొర్రమీను ఇంకో రకం. అది నీళ్ళ పైకొచ్చి గాలి మింగుతుంది కాబట్టి మూత బిగించకుండా డబ్బాలో కొద్ది నీళ్ళు పోస్తే చాలు. రైలు కుదుపుకు ఆ నీళ్ళే పెట్టెంతా చిందుతాయి.

పార్సిల్‌లో వేసి చూశాను. రైలు చివర ఉండే లగేజీ గదులు చాలా వరకు టన్నుల లెక్కన కాంట్రాక్టర్లకు లీజులో ఉంటాయి. ఇరవై కిలోల బుట్ట వాళ్ళకు కంటికి ఆనదు. తీసుకున్నా బైకుల మధ్య, మూటల కింద పెడతారు. మే నెలలో మా వైపు ఎండ మీకు తెలిసే ఉంటుంది, ఇనుప గది తలుపు మూస్తే లోపల అగ్గే. ఒకసారి బండి రెండు నిమిషాలే ఆగి, బుట్ట దింపకుండానే వెళ్ళిపోయింది. మర్నాడు చేతికి వచ్చేసరికి సగం చచ్చాయి. ఓనర్ రిస్క్, అంటే పాడైతే నష్టం సరుకువాడిదే అని రాసి సంతకం పెట్టించుకున్నారు గదా, ఎవర్ని అడగాలి?

1989 రైల్వే చట్టంలో 67వ సెక్షన్ పక్కవాళ్ళను ఇబ్బంది పెట్టే సరుకు తేకూడదంటుంది. తెస్తే 165వ సెక్షన్ కింద 500 రూపాయల దాకా జరిమానా, పైగా జరిగిన నష్టమూ కట్టాలి. న్యాయమే. కారే ఉప్పునీళ్ళకు పెట్టెల అడుగు, పట్టాల క్లిప్పులు తుప్పు పడతాయని మీ ఇంజనీర్లకు నాకన్నా బాగా తెలుసు. జరిమానా పెంచినా నాకు అభ్యంతరం లేదు సార్. ముందు వేరే దారి చూపించి పెంచండి.

2020 సెప్టెంబర్ 9న అనంతపురం నుంచి ఢిల్లీ ఆదర్శ్‌నగర్‌కు కిసాన్ రైలు నడిపారు. టమాటాలు, బొప్పాయిలు, చీనీకాయలు పోయాయి. పక్క జిల్లావాళ్ళుగా మేమూ సంతోషించాం. అది రైలు నిండా సరుకున్న రైతులకు. ఒక్క బుట్టవాడికి అంత అక్కర్లేదు. ముంబయి లోకల్ రైళ్ళలో సరుకుకు విడిగా పెట్టె ఉంది, చేపలమ్మే ఆడవాళ్ళు అందులోనే ఎక్కుతారు. కోల్‌కతా లోకల్స్‌లో వెండర్ల పెట్టె ఉంది. రేణిగుంట, గుంతకల్లు మధ్య నడిచే ప్యాసింజర్లలో సగం పెట్టె అట్లా ఇవ్వండి. కిటికీలకు జాలీ, కింద నీళ్ళు పట్టే స్టీలు ట్రే, ఒక కొళాయి ఉంటే చాలు, సీట్లు లేకపోయినా నిలబడి వస్తాం. కిలోకు ఇంతని టికెట్ పెట్టండి. పేరులోనే రైల్వే ఉన్న కోడూరు నుంచి బొప్పాయి గంపలవాళ్ళూ, పాలక్యాన్లవాళ్ళూ ఎక్కుతారు, పెట్టె ఖాళీగా పోదు.

ఈ శనివారం రాత్రి కూడా జనరల్ పెట్టెలోనే వస్తున్నాను. ఇప్పుడు బుట్ట కింద ప్లాస్టిక్ టబ్బు, దాని కింద టార్పాలిన్ పట్ట వేస్తున్నాను. సీటు కింద తడి కనిపిస్తే మీవాళ్ళు రసీదు రాయొచ్చు, కడతాను.

ఇట్లు,
కడప నుంచి ఒక ఎండ్రకాయల వ్యాపారి